కొలతలమ్మ వదిలిన రెండంగుళాలు

వీధిలో అందరికీ ఆవిడ కొలతలమ్మ. ఒకసారి టేపు పట్టి కొలిచిందంటే మళ్లీ అడగదు.

ముందుగదిలో కిటికీ పక్కన కుట్టు మిషను, దాని పక్కన ఎంబ్రాయిడరీ మిషను, గోడవారగా కంప్యూటరు ఉంటాయి. ఆ కంప్యూటరులో రెండువందల పదహారు మంది కొలతలున్నాయి. ఎవరి కుడిభుజం అరంగుళం కిందికి వాలుతుందో, ఎవరికి మెడ దగ్గర బిగిస్తే ఊపిరాడదో, అదీ రాసుకుంది. గూనివీపు పంతులమ్మకైతే ఓ పేజీ మొత్తం ఉంది. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు టేపు చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతకుముందు వెళ్లిన షాపుల్లో నలుగురి ముందూ వీపు కొలిచి, "ఇదేంటమ్మా ఇలా ఉందీ?" అన్నారట. కొలతలమ్మ తలుపు వేసి, ఒక్కసారే కొలిచి, "ఇంక మీ వీపు మీద టేపు పెట్టను పంతులమ్మగారూ" అని మాటిచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆ మాట ఆ ఫైలు మీదే నిలబడి ఉంది.

ఓ మంగళవారం పొద్దున్నే పెద్దక్క వచ్చి కుర్చీలో కూలబడింది. పెద్దక్క తోబుట్టువేం కాదు. వీధి చివరి దర్జీ. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కొలతలమ్మకి పని నేర్పిన మనిషి.

"పోయాయే, నా కొలతలన్నీ పోయాయి."

"అయ్యో, ఎలా అక్కా?"

"ఎవరో పూల డిజైన్లు ఊరికే ఇస్తున్నారంటే దింపుకున్నా. తెల్లారి చూస్తే ప్రతి ఫైలుకీ తాళం. డబ్బు కడితేనే తీస్తారట."

"వేరే డిస్కులో కాపీ పెట్టుకున్నావుగా?"

"పెట్టుకున్నా. ఎప్పుడూ తగిలించే ఉంచానే, కత్తెరని తాడేసి మిషనుకి కట్టుకోమూ, అలాగ. దానికీ తాళం పడింది."

కొలతలమ్మ మంచినీళ్ల గ్లాసు అందించి, గోడవారనున్న తన కంప్యూటరు వైపు చూసింది. ఆ వీధిలో దర్జీలు అయిదుగురు. డిజైన్లున్న పెన్ డ్రైవ్ ఒక్కటే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఒకరికి మంచి తీగ దొరికితే అయిదు మిషన్ల మీదా అది పూయాల్సిందే. అడక్కముందే ఇచ్చుకునే ఆ మంచి అలవాటు వెంట ఈ జబ్బూ ఇంటికి రాదని ఎవరు చెప్పగలరు?

ఆ పూటే కంప్యూటర్ల రిపేరు షాపుకి వెళ్లింది. షాపాయన పని ఆపి, స్టూలు వేసి కూర్చోబెట్టి, విసుక్కోకుండా అన్నీ చెప్పాడు. "ఏ ఒక్కటీ సరిపోదమ్మా. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఓ రోజు పొరపాటు జరుగుతుందనుకోండి. జరిగినా తట్టుకునేలా చూసుకోండి."

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట కదిలింది.

"నెట్టు పీకేద్దాం. పీడా పోతుంది" అన్నాడు భర్త.

"అప్‌డేట్లు ఎలా వస్తాయండీ? మీ సినిమాలో?"

ఆయన మజ్జిగ కలుపుకున్నాడు.

మరిది అందుకున్నాడు. "వదినా, రెండు యాంటీవైరస్‌లు వేసేద్దాం. ఒకటి కునుకు తీస్తే ఇంకోటి కాస్తుంది."

"మీ అన్నదమ్ములిద్దర్నీ ఒకే గదిలో పడుకోబెడితే ఏమవుతుంది? నీ గురకంటే నీ గురకని మీలో మీరే పోట్లాడుకుంటారు, దొంగ దర్జాగా వచ్చిపోతాడు. అవీ అంతేనట."

చేతులు కడుక్కుంటూ ఆలోచించింది. ఖరీదైన గుడ్డ కుట్టేటప్పుడు కుట్టు లోపల రెండంగుళాలు వదులుతుంది తను. కొలత తప్పినా విప్పి సరిచేసుకోవచ్చని. దేవుడు తెలివిచ్చింది తప్పే చెయ్యకుండా ఉండడానికి కాదు, తప్పు చేసినా దిద్దుకోవడానికి అనిపించింది. ఇంక వెనక్కి చూడలేదు.

మిషను పక్కన సుద్దముక్కతో రాసి ఉన్న పాస్‌వర్డ్ తడిగుడ్డతో తుడిచేసి, కొత్తది పెట్టుకుంది. ఒక్కటే యాంటీవైరస్, అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా. భర్తకీ మరిదికీ విడిగా ఖాతా తెరిచింది, అందులోంచి కొత్తవేవీ ఎక్కించడానికి వీల్లేకుండా. "సొంతింట్లో అద్దెకున్నట్టుంది" అని గొణిగాడు భర్త. కొత్త డిస్కు కొంది. శనివారం శనివారం తగిలించడం, కాపీ చేయడం, వెంటనే ఊడదీసి గుండీల డబ్బాలో పెట్టడం.

అంతటితో ఊరుకోలేదు. కాపీ నిజంగా పనికొస్తుందో లేదో చూడాలిగా? డిస్కు మరిది లాప్‌టాప్‌కి తగిలించి, పంతులమ్మ పేజీ తెరిచి, ఆ అంకెలతోనే జాకెట్టు కత్తిరించింది. పంతులమ్మ వేసుకుని చూసి, "ఎప్పటిలాగే సరిపోయిందమ్మా" అంది. కొలతలమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

అసలు గడ్డు ఘడియ ఆ మర్నాడు వచ్చింది. పెద్దక్క పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చింది. "నా కంప్యూటరు మొత్తం తుడిపించి బాగుచేయించాలే. ఇది కొత్త తీగ. కంప్యూటర్లో వేసి బొమ్మ చూడు."

"కంప్యూటర్లో పెట్టనక్కా."

"ఏం? నా చేతిది నీకు రోగమైపోయిందా?"

కొలతలమ్మ చెయ్యి చాచలేదు. "నువ్వైనా, నన్ను కన్నతల్లైనా ఇదే మాటక్కా. అందులో పంతులమ్మ వీపుంది. అది నాది కాదు, ఇంకొకరి చేతిలో పెట్టడానికి."

పెద్దక్క గుమ్మం వైపు తిరిగింది. అప్పుడు కొలతలమ్మ ఎంబ్రాయిడరీ మిషను దగ్గరికి కుర్చీ జరిపింది. "దీనికీ పెన్ డ్రైవ్ పెట్టే చోటుంది. బొమ్మ పెద్దగా చూడొచ్చని ఇన్నాళ్లూ కంప్యూటర్లో వేసుకున్నాం గానీ, ఈ దారిన వస్తే నా ఫైళ్ల జోలికి పోదు. రా, కూర్చో."

మిషను మీది బుల్లి తెరలో తీగ అగ్గిపెట్టంత కనపడింది. పెద్దక్క కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే వంగి వంగి చూసింది. "పువ్వా ఇది, పురుగా?"

"నువ్వు తెచ్చినదేగా, నువ్వే చెప్పాలి."

పెద్దక్క నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "నావాళ్లందర్నీ మళ్లీ కొలవాలే. ఏ మొహం పెట్టుకుని అడగను?"

కొలతలమ్మ మిషను ఆపి, టేపు మెడలో వేసుకుంది. గుండీల డబ్బా పక్కనున్న రెండో డిస్కు, తను అదనంగా కొన్నది, సంచీలో పెట్టుకుంది.

"ఇద్దరం కలిసి అడుగుదాం పద. ఇవాళ కొలిచినవి ఇవాళే ఇందులో పడాలి. పడగానే ఊడదీసేది మాత్రం నేను."