యాదగిరన్న దాచమన్న కాగితం

మొన్న చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగుతుంటే నేనెక్కిన సిటీ బస్సు డ్రైవర్ గట్టిగా బ్రేకు తొక్కాడు. కాలిన బ్రేకు లైనర్ వాసన లోపలికి కొట్టింది. పక్కనున్నాయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం ఇంకాస్త పీల్చాను. అది యాదగిరన్న వాసన. ఆయన చొక్కాకూ, చేతిసంచికీ, చివరికి చాయ్ వేళ మాకు పంచే ఉస్మానియా బిస్కెట్లకూ ఆ వాసనే ఉండేది.

సంతోష్‌నగర్ దగ్గర, ఆఫీసు ఉద్యోగుల బస్సులు నడిపే ఒక కంపెనీ గ్యారేజీలో ఆయన హెడ్ మెకానిక్. నేను టైర్లు చూసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా ఆదివారం లైబ్రరీ మానలేదు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. అందుకే ఆయన నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు. "ఏం లైబ్రరీ, ఇయ్యాల ఏం చదివినవ్?" అనేవాడు. గ్యారేజీలో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. బ్రేకు బాగుచేసినవాడు ఆ బస్సు మొదటి తిరుగుడులో ఎక్కి కూర్చోవాల్సిందే. "చేసినోడే ఎక్కకుంటే, వేరేటోళ్లు ఎట్ల నమ్ముతరు?" అనేవాడు.

కరోనా రోజుల్లో గేటు మీద ఒక నోటీసు పడింది. టీకా సర్టిఫికెట్ లేకపోతే లోపలికి రానివ్వరు, హాజరు వేయరు. టీకాతో ఏమైనా జరిగితే కంపెనీకి సంబంధం లేదని సంతకం కూడా పెట్టాలి. బస్సులు కడిగే కిష్టమ్మ, మరో ఐదుగురు ఒప్పుకోలేదు. కిష్టమ్మకు షుగరు. సూది వేయించుకున్న వారానికి ఆమె మరిది పోయాడు. అది సూదివల్లనా, కాదా అని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

నాకిది మంచి అవకాశంలా కనిపించింది. లైబ్రరీలో మశూచి గురించీ టీకాల గురించీ దొరికినవన్నీ చదివి, భోజనాల వేళ టైరు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. యాదగిరన్న డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"మస్తు చెప్పినవ్ లైబ్రరీ. మరి నువ్వేసుకున్నవా?"

"ఇంకా లేదన్నా."

"అంటే బ్రేకు మంచిగున్నదంటవ్, బస్సు మాత్రం ఎక్కవ్!"

గ్యారేజీ అంతా నవ్వింది. కిష్టమ్మ కూడా నవ్వింది. నా భయం నాకొక్కడికే తెలుసనుకున్నాను అప్పటిదాకా. ఆయన చేతులు తుడుచుకుని లేచాడు. "నేను గూడ ఏసుకోలే. పా, ఇద్దరం ఎక్కుదం." బస్తీ దవాఖానలో సూది దిగుతున్నప్పుడు ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సూది బయటికి తీశాకే వదిలాడు.

సోమవారం పొద్దున నేను నా సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ ఆరుగురితో కలిసి బయట నిలబడి ఉన్నాడు. తాను వేసుకున్నానని వాళ్లకు ముందే చెప్పాడు, మేనేజరుకే తెలియదు. మడిచిన తన సర్టిఫికెట్‌ను నా చంకలోని లైబ్రరీ పుస్తకంలో పెట్టాడు.

"దాచు. నేనడిగేదాక తియ్యకు."

"చూపిస్తే లోపలికి రావచ్చు గదన్నా!"

"మందు మంచిదే బిడ్డా. మెడలువట్టి తాగిస్తే కక్కుతరు. గా సంతకం కాగితం తీసెయ్యమను, కిష్టమ్మ అడిగినదానికి జవాబు చెప్పుమను. గప్పుడొస్త."

నేను లోపలికి వెళ్లాను. మధ్యాహ్నం మేనేజర్ పిలిచి, "ఆ ముసలాయన తను వేసుకోక, వాళ్లనూ చెడగొడుతున్నాడు కదా?" అన్నాడు. పుస్తకం నా చేతిలోనే ఉంది. తెరిస్తే చాలు. "నాకు తెల్వదు సార్" అన్నాను.

నాలుగో రోజు యాదగిరన్న బస్తీ దవాఖాన డాక్టరమ్మను గేటు దగ్గరికే తీసుకొచ్చాడు. ఆమె మెట్టు మీద కూర్చుని, కిష్టమ్మ మరిది పాత మందుల చీటీలన్నీ తిరగేసింది. ఆయనకు ముందునుంచే గుండె జబ్బుందని చూపించింది. "ఈ చీటీలతో ఇంతకన్నా చెప్పలేనమ్మా. నీకు మాత్రం షుగరు చూసినంకనే సూది వేస్త, నీ దగ్గర్నే కూసుంట" అంది. కంపెనీ సంతకం కాగితాన్ని తీసేసింది. ఆ వారంలో కిష్టమ్మతో కలిపి ఐదుగురు వేయించుకున్నారు. ఒకాయన మాత్రం పనే మానుకున్నాడు.

పనివాళ్లను రెచ్చగొట్టాడని యాదగిరన్నను నగరం ఆ చివర, సర్టిఫికెట్ అడగని షెడ్డుకు మార్చారు. నేను పుస్తకం తీసుకుని పరుగెత్తాను. "ఇప్పుడన్న చూపిస్తనన్నా!" ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు చూపిస్తే, గేటు బయట నేను ఉత్తగ నిలవడ్డట్టయితది." రెండు బస్సులు మారి వెళ్లడం మోకాళ్లు ఓర్వలేదు. కొన్నాళ్లకు పని మానేసి నిజామాబాద్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. పోయినేడు గుండెపోటుతో పోయాడని కిష్టమ్మే నాకు చెప్పింది.

ఆ రోజు మేనేజరుకు చూపించి ఉండాల్సిందా? లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చేశాను. కాగితం మాత్రం ఇవ్వలేదు. ఆయన అడిగేదాకా తీయొద్దన్నాడు, అడగనే లేదు. ఇప్పుడు బ్రేకుల పని నాది. బాగుచేసిన బస్సు గేటు దాటేటప్పుడు డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంటాను. పక్క సీటు ఖాళీగా ఉంచుతాను.