అందుకోని పల్లవి

మా తమ్ముడి పాటల గురించి రాయమని అడిగేవాళ్లు ఎవరూ అతని ఒక్కడి గురించే రాయమని అడగరు. ఎమ్మిగనూరు ఆయనతో పోల్చి రాయమంటారు. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి పైకొచ్చారు. ఇద్దరూ పాట తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తామే పాడతారు. గిటారు పట్టుకుని సీమ మాటల్లో కొత్త తరహా పాట తెచ్చింది ఈ ఇద్దరే కాబట్టి, ఇద్దరినీ తక్కెట్లో పెట్టి తూచడం జనానికి మంచి కాలక్షేపం. నాకు మాత్రం ఆ తక్కెడ పేరెత్తితేనే వణుకు. మా వాడి గొంతు పోయేదాకా తెచ్చింది ఆ తూకమే.

ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు పిరికిదాన్ని. పక్కింట్లో కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడతాను. కాబట్టి నేను భయపడ్డానని చెప్పిన చోటల్లా కొంత తీసేసి చదువుకోండి. కానీ ఆ రోజు కడపలో పడ్డ భయంలో మాత్రం తీసేయడానికేమీ లేదు.

మాది మైదుకూరు దగ్గర పల్లె. ఊళ్లో తాతల నాటి రాతి చర్చి ఉంది. మా నాన్న రెండెకరాలు సేద్యం చేసుకుంటూ చర్చి పెద్దల్లో ఒకడిగా ఉండేవాడు. నేను హార్మోనియం వాయించేదాన్ని, తమ్ముడు పాడేవాడు. ఆ రాతి గోడల మధ్య మెల్లగా పాడినా చివరి బెంచీ దాకా వినపడుతుంది. అందుకే వాడికి గొంతు చించుకునే అవసరం ఏనాడూ రాలేదు. వాడి మొదటి సొంత పాట ఎండిపోయిన బోరు మీద. ఎవరూ లేని పూట చర్చిలో కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. అది ఊరూరా పాకాక పెద్దలు పిలిపించి, దేవుడిచ్చిన గొంతుతో బోరు పాట ఏందని అడిగారు. ఆ పెద్దల్లో మా నాన్న కూడా కూర్చుని ఉన్నాడు. తమ్ముడు తల వంచుకుని, "బోరు ఎండితే మనం ప్రార్థన చేస్తాం గదప్పా, ఇదీ అదే" అన్నాడు. వాళ్లు వదిలేశారు.

ఎమ్మిగనూరు ఆయనది నేతగాళ్ల ఇల్లు. చిన్నప్పటి నుంచి మగ్గాల షెడ్డులో పెరిగినవాడు. అన్ని మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఆ మోతకు పైన పాడాలంటే అయిదు శృతిలో, అంటే బాగా పై స్థాయిలో, ఎత్తుకోవాల్సిందే. అట్లా తయారైంది ఆయన గొంతు. మగ్గం మోతనే రికార్డు చేసి దాన్నే తాళంగా పెట్టుకుని పాటలు కట్టాడు. ఆటోల్లో, పెళ్లి ఊరేగింపుల్లో ఆయన పాట మోగుతుంది. మా వాడి పాట చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు వింటారు. హార్మోనియం మెట్ల మీద చేయి పెట్టి నిజం చెప్పమంటే, గొంతు ఆయనది గొప్పది, మాట మావాడిది గొప్పది. ఈ ముక్క మా ఇంట్లో అంటే మా అమ్మ నాకు అన్నం పెట్టదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నెట్లో పాట పెట్టినప్పుడల్లా కింద రాసేవాళ్లు మొదలుపెట్టారు. "ఎమ్మిగనూరాయన మాదిరి ఎత్తి పాడు చూద్దాం", "నీది జోలపాటప్పా" అని. తమ్ముడు నవ్వుతూ చదివేవాడు గానీ, వాడి పాటల శృతి ఒక్కో మెట్టే పైకి పోవడం నా చెవికి తెలుస్తూనే ఉంది. రెండులో పాడేవాడు మూడుకు ఎక్కాడు, మూడు నుంచి నాలుగుకు ఎక్కాడు. "నీకెందుకురా ఆ పైశృతి" అంటే, "నాకూ వస్తాదిలేక్కా" అనేవాడు. రెండేళ్లు గడిచేసరికి మాట బొంగురుపోయింది. పొద్దున లేస్తే మధ్యాహ్నం దాకా గొంతు పెగిలేది కాదు.

మా అమ్మ మిరియాలు, శొంఠి, తేనె, ఇంకా ఎవరో చెప్పిన వేరేదో నూరి పోసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ ఘాటుకు వాడికి దగ్గు పట్టుకుంది. నేను కర్నూలులో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి అక్కడికి పిలిపించి గొంతు డాక్టరుకు చూపించాను. ఆమె గొంతులోకి సన్నని గొట్టం పెట్టి టీవీలో చూపించింది. స్వరతంతువుల మీద చిన్న చిన్న కాయలు, ఒక చోట ఎర్రగా కమిలిన మచ్చ. "రెండు నెలలు మౌనం. గుసగుసగా కూడా మాట్లాడకూడదు. ఈ మచ్చ ఉన్న చోట గట్టిగా ఒత్తిడి పడితే రక్తనాళం చిట్లి లోపలే రక్తం గడ్డకడుతుంది. అప్పుడు మాట మిగులుతుందేమో గానీ పాట మిగలదు" అంది. నేను ఆ టీవీ మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. తమ్ముడు మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

ఎందుకు చూశాడో బయటికి వచ్చాక ఫోన్లో టైపు చేసి చూపించాడు. ఇంకో మూడు వారాలకు కడపలో పోటీ ఉంది, వస్తానని ఎప్పుడో మాట ఇచ్చేశాడు.

అది మామూలు పోటీ కాదు. కడప కుర్రాళ్లు కొందరు కలిసి, మా వైపు పాత చెక్కభజన పోటీని ఈ ఇద్దరితో కొత్తగా ఆడిద్దామని పెట్టుకున్నారు. దాని పద్ధతి మా పల్లెల్లో అందరికీ తెలుసు. చేతిలో చెక్కలు వాయిస్తూ ఒకడు పల్లవి ఎత్తుతాడు. రెండోవాడు అదే శృతిలో అందుకుని, అప్పటికప్పుడు తన మాటలు కట్టి చరణం పాడాలి. ఆ తర్వాత ఎత్తే వంతు రెండోవాడిది. ఎత్తేవాడు ఏ శృతిలో ఎత్తుతాడన్నది వాడి ఇష్టం, ముందుగా ఎవరూ అడగకూడదు. అందుకోలేనివాడు తన చెక్కలు ఎదుటివాడి చేతిలో పెట్టాలి. అంతటితో పాట ఆగిపోవాలి, ఆ పైన గెలిచినవాడు కూడా నోరు విప్పకూడదు. రానని కబురు పెడితే చెక్కలు పెట్టేసినట్టే లెక్క.

నేను బతిమాలాను, అరిచాను, రెండు రోజులు మాట్లాడడం మానేశాను. మాట్లాడకుండా ఉన్నవాడి మీద మాట్లాడకుండా అలగడం ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది. వాడు ఫోన్లో ఒకటే రాసి చూపించేవాడు: "రాలేదంటే భయపడినాడంటారు." భయపడితే ఏమవుతుందిరా, నేను పుట్టినప్పటి నుంచీ భయపడుతూనే ఉన్నా, బతకలేదా అన్నాను. అమ్మ ఊళ్లో ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. "దేవుని పాటైతే ఆయనే గొంతిస్తాడు. ఇది పందెం పాట గదమ్మా, ఆయనకేం పని" అని ఫోన్లో ఏడ్చింది.

పోటీ రోజు సాయంత్రం స్కూలు మైదానం నిండిపోయింది. రాజంపేట నుంచి, ఆలూరు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ పక్క ఆయన మనుషులు, ఈ పక్క మా వాడి మనుషులు, మధ్యలో తాడు. తమ్ముడు నోరు విప్పకపోవడం చూసి కొత్త స్టైలనుకున్నారు. వాడి జబ్బు సంగతి నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

నాకు ఒకచోట నిలవబుద్ధి కాలేదు. ఏం చెయ్యబోతున్నానో తెలియకుండానే, ఎమ్మిగనూరు ఆయన కూర్చున్న తరగతి గదికి పోయాను. ఆయన ఒక్కడే చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. తమ్ముడికంటే ఆరేడేళ్లు పెద్ద. మా ఇంట్లో ఎప్పుడూ "వాడు" అనే పిలిచాం కాబట్టి, ఎదురుగా చూస్తే ఏమని పిలవాలో తెలియలేదు. ఆయనే లేచి నిలబడి, "రాక్కా, కూర్చో" అన్నాడు. కూర్చోలేదు. తమ్ముడి జబ్బు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే వాడు నా ముఖం చూడడు. చెప్పకపోతే గొంతు దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ఏ శృతిలో ఎత్తుకుంటావు నాయనా?"

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. మా పల్లెల్లో పసిపిల్లలు కూడా అడగని మాట అది. పోటీకి ముందు శృతి అడగడమంటే, మావాడికి పైశృతి అందదని ఒప్పుకోవడమే. ఆయన గ్లాసు పక్కన పెట్టి, "అట్ల అడగగూడదని నీకు తెలీదాక్కా? నువ్వే హార్మోనియం పెట్టె వాయిస్తావంట గదా" అన్నాడు. కోపంగా అన్నాడో మామూలుగా అన్నాడో తెలియలేదు. తల వంచుకుని బయటికి వచ్చేశాను. తాడు దగ్గరికి చేరేలోపు నాకు విషయం పూర్తిగా అర్థమైంది. తమ్ముణ్ని కాపాడదామని పోయి, వాడిని యాడ కొట్టాలో నేనే చూపించి వచ్చాను. గెలవాలనుకునేవాడు ఇప్పుడు అయిదులో కాదు, అయిదున్నరలో ఎత్తుతాడు.

మధ్యవర్తిగా కూర్చున్న ముసలి భజన గురువు చెయ్యెత్తాడు. మొదటి వంతు ఆయనది. చెక్కలు మోగాయి. నేను కళ్లు మూసుకున్నాను.

ఆయన ఒకటి శృతిలో ఎత్తాడు.

ముందు నా చెవిని నేనే నమ్మలేదు. మగ్గాల మీద గెలిచిన గొంతు ఆ కింది శృతిలో గరగరలాడింది, సగం మాటలు లోపలే మునిగిపోయాయి. ఆయన మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవడో "ఏమప్పా, తిన్యావా ల్యాదా" అని అరిచాడు. తమ్ముడు అదే శృతిలో అందుకుని చరణం పాడాడు. మూడు వారాల మౌనం తర్వాత వాడి గొంతు వినడం నాకు అదే మొదలు. సన్నగా, రాతి చర్చిలో పాడినట్టు పాడాడు. కింద జనం మెత్తబడ్డారు. నేను కూడా మెత్తబడ్డాను. ఇట్లాగే అయిపోతే చాలు దేవుడా అనుకున్నాను.

కానీ ఇప్పుడు ఎత్తే వంతు తమ్ముడిది. వాడు ఆయన వైపు చూసిన చూపు నాకు తాడు దగ్గరి దాకా కనిపించింది. వాడు తెలివితక్కువవాడు కాదు. ఎదుటివాడు తన మీద జాలిపడ్డాడని మొదటి వరసకే తెలిసిపోయింది వాడికి. మా ఇంట్లో జాలిని తిట్టుకంటే ఎక్కువగా మనసుకు తీసుకుంటారు. ఛాతీ నిండా గాలి తీసుకున్నాడు. వద్దురా అని అరిచాను, ఆ గోలలో నా అరుపు నాకే వినపడలేదు.

అయిదులో ఎత్తాడు.

జనం లేచి నిలబడ్డారు. నాకు ఆ పాటలో ఒక్క మాట కూడా గుర్తు లేదు. టీవీలో చూసిన ఆ ఎర్ర మచ్చ మాత్రమే కళ్ల ముందుంది. పల్లవి ముగిసింది. ఇక ఆయన అందుకుంటాడు, అది ఆయన ఇంటి శృతి, నిద్రలో లేపినా పాడతాడు. మళ్లీ ఎత్తే వంతు రాగానే వీడు ఇంకో మెట్టు పైకి పోతాడు. అప్పుడు అయిపోతుంది. తాడు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన అందుకోలేదు.

చెక్కలు ఒకటి రెండు ఆవర్తాలు వాయించి ఆపేశాడు. గురువు "అందుకోప్పా" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి, "నాతో కాదు సామీ, గొంతు పొయ్యుండాది" అన్నాడు. మైకు ఆ మాటను మైదానమంతా వినిపించింది. నడుచుకుంటూ వచ్చి తన చెక్కలు తమ్ముడి చేతిలో పెట్టాడు. పద్ధతి ప్రకారం పాట అక్కడితో ఆగిపోయింది. ఈ పక్క ఈలలు, ఆ పక్క బూతులు. ఆయన మీద ఎవరో నీళ్ల సీసా విసిరారు. ఆయన దాన్ని తీసి వేదిక మెట్ల పక్కన పెట్టి దిగిపోయాడు. నా పక్క నుంచి పోతూ ఆగకుండానే అన్నాడు, "ఇంటికి తోడ్కపో అక్కా. ఎవరొచ్చినా మాట్లాడనియ్యాకు."

కర్నూలు బస్సులో తమ్ముడు చాలాసేపు కిటికీ బయటికి చూశాడు. మైదుకూరు దాటాక ఫోన్ నా ఒళ్లో పెట్టాడు. "అయిదు ఆయనకు అందుతాది గదా?" అని ఉంది. నేను అబద్ధం చెప్పలేకపోయాను. "నిద్రలో కూడా అందుతాది" అన్నాను. మొదటిసారి వాడు "ఆయన" అని రాశాడని అప్పుడు నేను గమనించలేదు. వాడు నోరు గట్టిగా మూసుకుని, శబ్దం రాకుండా ఏడ్చాడు.

డాక్టరు మళ్లీ గొట్టం పెట్టి చూసింది. మచ్చ పెద్దదైంది కానీ చిట్లలేదంది. "ఇంకొక్క చరణం పాడి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు" అని, మౌనం ఇంకా పొడిగించింది. ఆ రోజులన్నీ వాడు నిద్రలో కలవరించినా లేచి కూర్చునేదాన్ని. ఈలోగా ఎమ్మిగనూరు ఆయన చేతులెత్తేసిన వీడియో ఊరూరా తిరిగింది. గొంతు పోయిందట అన్న మాట నిజమైపోయింది. జాతరలకూ పెళ్లిళ్లకూ ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారని, మళ్లీ షెడ్డులో మగ్గం మీద కూర్చుంటున్నాడని విన్నాం. ఒక్కసారి నోరు తెరిచి పాడితే ఆ మాట అబద్ధమైపోతుంది, కానీ అప్పుడు జనం మళ్లీ పోటీ పెట్టమంటారు. మా వాడి మౌనం తీరేదాకా ఆయన ఎక్కడా పాడలేదు.

డాక్టరు మాట్లాడవచ్చన్న రోజున అమ్మ పల్లె నుంచి వచ్చింది. మొదటి మాట ప్రార్థన కావాలని బైబిలు తెరిచి పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు ఆమె ముందు నుంచే ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోయాడు. స్పీకరులో అవతల మగ్గాల మోత వినిపించింది.

"అన్నా" అన్నాడు. గొంతు బొంగురుగా, కొత్తగా, మా వాడిది కానట్టు ఉంది.

అవతల ఒక మగ్గం ఆగింది. తర్వాత ఇంకొకటి ఆగింది. మోతంతా అణిగేదాకా ఆయన పలకలేదు.

"ఆపిచ్చినాలేప్పా. గట్టిగా మాట్లాడాకు, నాకు వినపడతాంది" అన్నాడు.