ముందు మడిగెలు, తర్వాతే స్లాబు

మా ఇంటి ముందున్న మడిగెలో ఈమధ్య ఒక టిఫిన్ సెంటర్ పెట్టారు. వాళ్ల కౌంటర్ మీద ఒక చిన్న డబ్బా ఉంటుంది, ఎవరైనా ఫోనుతో డబ్బులు కొడితే చాలు, ఇన్ని రూపాయలు అందాయని వాడంతా వినబడేలా అరుస్తుంది. తెల్లారితే అదే వరస. మొన్న కరీంనగర్ నుంచి వచ్చిన నా కూతురు ఆ గోల మధ్యనే ఇడ్లీ తింటూ, నెలనెలా ఎక్కడెక్కడ పొదుపు చేస్తోందో, నలభై అయిదేళ్లకల్లా ఉద్యోగం మీద ఆధారపడకుండా బతకడానికి ఏం ఏర్పాటు చేసుకుంటోందో తన ఫోనులో చూపించి, దానికి ఇంగ్లీషులో ఒక పేరు కూడా చెప్పింది. ఆ పేరు నాకు నోరు తిరగలేదు గానీ సంగతి తెలిసినదే కాబట్టి నవ్వొచ్చి, "మీ బాపు దుబాయి నుంచి వాపస్ వచ్చుడే గదా బిడ్డా" అన్నాను. దానికేమీ అర్థం కాలేదు. నా ఈడువాళ్లకైతే వెంటనే అర్థమవుతుంది.

చొప్పదండి దగ్గర మా ఊళ్లో ఆ రోజుల్లో ఇంటికొకరు గల్ఫులో ఉండేవారు. ఏ దేశం వెళ్లినా మాకు దుబాయే. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక మా ఆయనా వెళ్లాడు. అక్కడ సెంట్రింగ్ పని, అంటే ఇంకొకరి ఇళ్లకు స్లాబులు వేసే పని. రెండేళ్లకోసారి సుట్టి మీద, అంటే రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. సుట్టి ఖర్చు మీకు తెలియనిదేముంది, చుట్టపక్కాలందరికీ సెంటు సీసాలు, సబ్బులు, రంగు దుప్పట్లు పంచాలి, వాడకట్టుకంతా దావత్ ఇవ్వాలి, ఇవ్వకపోతే దుబాయి పోయి ఏం సంపాదించిండని మూతులు తిప్పుతారు. తెచ్చిందంతా ఆ రెండు నెలల్లోనే హరించుకుపోయేది, తిరిగి వెళ్లడానికి టికెట్టు పైసలకు మా బావగారి దగ్గరే చెయ్యి చాచవలసి వచ్చేది.

అన్నింటికన్నా పెద్ద పోటీ స్లాబు ఇల్లు. మగవాడు దుబాయిలో ఉంటే ఇంటి మీద స్లాబు పడాల్సిందే, అది మా ఊళ్లో రాయని చట్టం. మా ఎదురింటి వదిన వాళ్లు అందరికన్నా ముందు రెండంతస్తులు లేపి, ముందరి గోడకు గులాబీ రంగు వేయించి, మీద సిమెంటుతో విమానం బొమ్మ కూడా పెట్టించారు. వాళ్లాయన వచ్చి ఆ ఇంటిని చూసుకుని మురిసిపోయి, ఇక పోనన్నాడు. ఏడాది తిరగలేదు. అంత ఇల్లూ కుటుంబానికి పూట గడిపే దారి చూపించలేకపోయింది. ఆయన మళ్లీ సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోయిన రోజు ఆ వదిన మా అరుగు మీద కూర్చుని, "గీ ఇంట్ల ఒక్కదాన్ని ఏం జేసుకుంట ఉండాలె చెల్లె?" అని ఏడ్చింది. ఆమెను ఓదారుస్తున్నానే గానీ నా గుండెల్లో భయం పట్టుకుంది. మా ఆయన కూడా స్లాబు కోసం ఒకసారి, స్లాబు అప్పు కోసం ఒకసారి పోతూనే ఉంటే, మా కాపురమంతా సుట్టీల్లోనే గడిచిపోతుందని అప్పుడే స్పష్టంగా తెలిసొచ్చింది.

ఆ రోజు నుంచి ఇల్లు బీడీలు చుట్టిన కూలీ మీదే నడపాలని, దుబాయి డబ్బు ముట్టకూడదని పట్టుబట్టాను. మా అత్తా నేనూ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేవాళ్లం కాదు, పిల్లల ఫీజులూ ఉప్పూ పప్పూ అన్నీ అందులోనే. మాది గూనపెంకల ఇల్లు. కోతుల మంద ఒక్కసారి ఇంటి మీద దూకి పోయిందంటే పెంకలు పలిగి, వానపడితే బియ్యం డ్రమ్ము మీదే కారేది. ప్రతి ఎండాకాలం పెంకలు సర్దించి గూన తిప్పించుకోవడం, ప్రతి వానాకాలం గిన్నెలు పెట్టుకోవడం. ఇంత కష్టంలోనూ నేను స్లాబు మాట ఎత్తకుండా, రోడ్డు పక్కన మా వాటాకు వచ్చిన పెంటకుప్ప జాగాలో దుకాణాలకు కిరాయికిచ్చే మడిగెలు కట్టాలని మనసులో పెట్టుకున్నాను.

మనసులో పెట్టుకుంటే సరిపోదుగా, ఆయనకు చెప్పాలి. అప్పట్లో మా మాటలన్నీ క్యాసెట్లలోనే నడిచేవి. సుట్టి మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి మేం మాట్లాడి రికార్డు చేసిన క్యాసెట్ ఇచ్చేవాళ్లం, ఇంకెవరో వచ్చేటప్పుడు జవాబు క్యాసెట్ తెచ్చేవారు. మొగుడూపెళ్లాల గుట్టు అందులో ఏముంటుంది, టేప్ రికార్డర్ చుట్టూ ఇంటిల్లిపాదీ చేరితే గానీ అది మోగేది కాదు. అందరూ పొలానికి పోయిన సమయం చూసుకుని నేను నా మాట చెప్పి పంపాను. స్లాబు వేస్తే నువ్వు మళ్లీ పోవాలి, మడిగెలు కడితే నువ్వు ఇంటికి రావచ్చు, ఆలోచించు అని.

జవాబు వానాకాలం వెళ్లాక వచ్చింది. బావగారు, తోటికోడలు, అత్త, పిల్లలు, అందరం కూర్చున్నాం. పిల్లల చదువులూ ఎడ్ల సంగతులూ అడిగినంతసేపు గొంతు బాగానే ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా మారింది. "మందికి స్లాబులు ఏసుకుంట నా నడుము ఇరుగుతున్నది. నా ఇంటికి ఏసుకోవద్దంటున్నవ్. రోడ్డు మీద డబ్బాలు కడితే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. నేను తల దించుకున్నాను. చివర్లో మాత్రం, "అవ్వను అడుగుండ్రి. అవ్వ ఎట్లంటే అట్ల" అని తన అమ్మ మీద, అంటే మా అత్త మీద వదిలేశాక క్యాసెట్ ఆగిపోయింది.

బావగారు అడగాల్సిన పనే లేదన్నట్టు, వచ్చే నెలలోనే స్లాబు ఇంటికి ముగ్గు పోద్దామన్నారు. నాకూ ఆశ లేదు, ఎందుకంటే ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వచ్చే ఏడు స్లాబు పడుతుందని చెప్పుకునేది మా అత్తే. ఆమె చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, చాట పక్కన పెట్టి, పెద్దకొడుకు వైపు చూసింది. "వాని మొకం సూసుకుంట బతుకుత గని, సిమెంటు మొకం సూసుకుంట ఏం బతుకుతరా? కట్టుండ్రి మడిగెలు" అంది. అంతే, మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. ఆ ముసలమ్మను అప్పుడే కావలించుకోవాలనిపించింది గానీ బావగారి ముందు బాగుండదని ఊరుకున్నాను.

మడిగెలు కట్టడం ఒక ఎత్తు, అవి నిండడం ఇంకో ఎత్తు. మొదటిదాంట్లో ఎరువుల దుకాణం వచ్చింది, రెండోదాంట్లో టైలర్ చేరాడు, మూడోది మాత్రం చాలా రోజులు ఖాళీగా ఉండి మేకలకు నీడయ్యింది. మా తోటికోడలు అటుగా పోయినప్పుడల్లా, మేకలు కిరాయి మంచిగనే ఇస్తున్నయా అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఇంట్లోకొచ్చి ఏడ్చేదాన్ని. ఆ తర్వాత చొప్పదండి రోడ్డు పెద్దదయ్యి బస్సులు ఆగడం మొదలవగానే ఆ మడిగె కోసం ఇద్దరు పోటీ పడ్డారు. వచ్చిన కిరాయిలతో ఇంకో మడిగె, దాని మీద వచ్చినదానితో కొంత పొలం, అలా అలా కూడింది.

ఆయన ఆఖరుసారి వచ్చినప్పుడు సెంటు సీసాలు లేవు, దావత్ లేదు. మూతులు తిప్పేవాళ్లు తిప్పారు. బస్సు దిగిన మనిషిని మంచీచెడూ అడగకముందే, ఎప్పుడు పోతున్నవ్ అని అడగడం మా ఊరి మర్యాద. చాయ్ హోటల్ దగ్గర ఎవరో అలాగే అడిగితే, "ఇగ పోను" అన్నాడట. ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే, ఆయన సంచిలోంచి తాపీ, కొలతల టేపు తీసి గూట్లో పెట్టుకునేదాకా నేనూ నమ్మలేదు. రెండేళ్ల తర్వాత మా ఇంటి మీదా స్లాబు పడింది, ఆయన చేతుల మీదే పడింది. పొద్దునా సాయంత్రం పైకెక్కి తానే నీళ్లు కొడుతుంటే మా అత్త కింద మంచంలో కూర్చుని పైకి చూసేది. మా వాడకట్టులో అన్ని స్లాబు ఇళ్లున్నాయి గానీ, తన స్లాబుకు తానే నీళ్లు కొట్టుకున్న మగవాడు అప్పటికి మా ఆయనొక్కడే. నాకు గర్వంగా ఉండేది, ఇప్పటికీ ఉంది.

కాలం చాలా మారింది. పోయిన నెల మా వెనకింటి పిల్లవాడి ఇంటికి స్లాబు వేస్తుంటే, వాడు గల్ఫ్ నుంచే ఫోనులో చూస్తున్నాడు, భార్య నిచ్చెన మీద నిలబడి చూపిస్తోంది. ఏడాదికి మూడు క్యాసెట్లతో బతికిన నాకు అది చూస్తే ఎంత సంతోషమో చెప్పలేను. కానీ ఒకటి గమనించాను. పిల్లర్లు, ఇనుప కడ్డీలు, కిటికీలు అన్నీ మాట్లాడుకున్నారు, మనిషి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. రోజూ కనబడేవాణ్ని ఎప్పుడొస్తావని అడగాలని ఎవరికీ తోచదు కాబోలు. ఫోను నా చేతికొచ్చినప్పుడు నేను అడిగేశాను. వాడు మెల్లగా, "గా మాట అడిగినోళ్లే లేరు పెద్దమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున వాడి భార్య మా ఇంటికొచ్చి, రోడ్డు వైపు వాళ్ల ఖాళీ జాగాలో రెండు మడిగెలు పడతాయా అని మా ఆయన్ని అడిగింది. తాగుతున్న చాయ్ పక్కన పెట్టి, గూట్లోంచి టేపు తీసుకుని, ఆయన ఆమె వెంట వెళ్లాడు.