లాంప్‌రూం సారు పోలిష్ నోటుబుక్కు

మా సారు పోయారు. నస్పూర్ పక్క బొగ్గుగనిలో, లాంప్‌రూం కిటికీ దగ్గర కూర్చుని పనివాళ్ళకు తలదీపాలు ఇచ్చే గుమాస్తా ఆయన. కిందటి నెల ఒక మంగళవారం పొద్దున గుండె ఆగిందట. కబురు తెచ్చినవాడు నన్నే అడిగాడు: “సారు పోయిండు. దీపాలెవలియ్యాలె ఇగ?” నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయినా వీళ్ళకు దీపాల ఫికరే. ఆ మాట అనే అర్హత నాకు లేదని కాసేపటికి గుర్తొచ్చింది.

సారు అంతకుముందు ఉర్దూ బడిలో పంతులు. నిజాం పోయాక ఆ బడి పోయింది, ఆయన చదువు చెల్లని చదువయింది. కడుపు కోసం లాంప్‌రూంలో చేరారు. కొన్నేళ్ళకు గనికి పోలండ్ యంత్రాలు వచ్చాయి. వాటిని బిగించడానికి వచ్చిన మెకానిక్ ఒకాయన రోజూ దీపం తీసుకుంటూ సారుకు దోస్తయ్యాడు. వెళ్ళిపోతూ, ఇంగ్లీషు వచ్చినవాళ్ళ కోసం రాసిన పోలిష్ వ్యాకరణం ఒకటి ఇచ్చి వెళ్ళాడు. సారుకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఆ పుస్తకంతో మూడేళ్ళు కుస్తీ పట్టారు.

నేను అప్పట్లో గని ఆఫీసులో టైపిస్టును. నాది మెట్రిక్ ఇంగ్లీషు. యంత్రాల పుస్తకాలు చదివి చెప్పే దుబాసీ ఉద్యోగం పడుతుందని తెలియగానే, నాకూ పోలిష్ నేర్పమని సారు దగ్గరికి వెళ్ళాను. ఆ ఉద్యోగం మీద ఆయనకూ ఆశ ఉందని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. ఆయనా తెలిసే నేర్పారు.

మధ్యాహ్నం షిఫ్టు దిగిపోయాక పాఠం. నేను ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులో కూర్చుకుని, ‘the’ ఎక్కడ పెట్టాలి సారూ అని అడిగేవాణ్ణి. ఆయన నవ్వేవారు.

“గా ఇంగ్లీషును జర పక్కకు వెట్టు బిడ్డా. గీళ్ళ తీరు మన తీరే. మాటకు తోక మారుతది, గంతే.” చేతిలో దీపం పట్టుకుని చూపించేవారు. “గిది దీపం, లాంపా. దీపం లేదంటే లాంపి. దీపం ఇయ్యి అంటే లాంపె. దీపంతోని దిగిండంటే లాంపోం. సమజయ్యిందా?”

వచ్చిండు, వచ్చింది అని మనం అన్నట్టే పోలండ్‌వాళ్ళకూ మగవాళ్ళకో క్రియ, ఆడవాళ్ళకో క్రియ అని చెప్పిన రోజు ఆయన మొహం చూడాలి. “ఇంగ్లీషోళ్ళు పరేషానయితరు. మనకేం కష్టం?” నేను తప్పు చెబితే తిట్టేవారు కాదు. చేతిలో దీపం ఆర్పి మళ్ళీ వెలిగించేవారు. మళ్ళీ చెప్పమని దానర్థం.

నేర్చుకున్నదంతా ఆయన ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. యంత్రాల పుస్తకం సగం తెలుగు చేసి అందులోనే ఎక్కించారు. ఉర్దూ చదువు చదివినవారు కదా, ఏ నోటుబుక్కయినా కుడిచేతి వైపు నుంచి, మనం చివర అనుకునే చోటు నుంచి మొదలుపెట్టేవారు. మావైపు ఆ తరం వాళ్ళలో చాలామందికి అది మామూలే.

ఇంటర్వ్యూకు ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచారు. సారు నోటుబుక్కు ఇచ్చారు. వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు దొర ఎడమ అట్ట తెరిచాడు. ఖాళీ. నాలుగు కాగితాలు తిప్పాడు. అవీ ఖాళీ. “తెల్ల పుస్తకం తెచ్చావేమయ్యా?” అని ఇంగ్లీషులో అడిగి, నవ్వి బల్ల మీదికి తోసేశాడు. జవాబుకు ఇంగ్లీషు కూడదీసుకుంటూ సారు పెదాలు కదిలించారు. ఆలోపలే దొర నా వైపు తిరిగాడు.

నేను పక్కనే ఉన్నాను. “అటు నుంచి చూడండి” అంటే మూడు మాటలు. నా మెట్రిక్ ఇంగ్లీషు దానికి చాలు. అనలేదు. ఉద్యోగం నాకొచ్చింది. ఇవాళ నేను తినే ప్రతి ముద్దా సారు పెట్టిందే.

బయటికొచ్చాక ఆయన అన్నది ఇంతే: “మంచిగైంది బిడ్డా. ఒకలకన్న వచ్చింది.” చెంప పగలగొట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఆ తర్వాత ఐదేళ్ళూ ఆయన కిటికీ ముందు నుంచి నడవలేక వెనక గేటు నుంచి ఆఫీసుకు వెళ్ళాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సారు పోయిన పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. “నీకే ఇయ్యమన్నడు” అని సారు భార్య నోటుబుక్కు చేతిలో పెట్టింది. ఆ గుమ్మంలోనే, అలవాటు కొద్దీ, ఎడమ అట్ట తెరిచాను. ఆనాడు ఖాళీగా ఉన్న మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. సిరా వెలిసిపోయింది, రాసి ఏళ్ళే అయినట్టుంది. తెలుగు కాదు, ఉర్దూ కాదు, పోలిష్.

“అటు నుంచి తెరువు, బిడ్డా.”

“ఏం రాసిండు?” అని ఆమె అడిగింది. ఈ ఊళ్ళో అది చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే.