మాస్టరమ్మ ఇంటర్వ్యూ

ఇరవై ఆరేళ్లు ఒకే కుట్టు ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించిన ఆమెను అందరూ మాస్టరమ్మ అంటారు. ఎవరు ఎదురైనా ముఖం కంటే ముందు భుజాల కొలత చూస్తుంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూతురు ఆమె వివరాలు ఉద్యోగాల సైట్లలో పెట్టింది. నలభై చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒక రెడీమేడ్ బట్టల కంపెనీ ఇంటర్వ్యూ అంది గానీ, అవతల మనిషే లేడు. ఫోన్ తెర మీద ప్రశ్న వచ్చింది: ‘మీ బలహీనత ఏమిటి?’ కింద అరవై సెకన్లు తరిగిపోతున్నాయి.

“నవ్వుతూ చెప్పమ్మా, రికార్డవుతోంది,” అని కూతురు గుసగుసలాడింది. “ఎవర్ని చూసి నవ్వనే?” అంటూ మాస్టరమ్మ ఫోన్‌ను ఇంట్లో బట్ట పరిచి ఉన్న బల్లవైపు తిప్పించి, సుద్దగీతైనా గీయకుండా ఆ బట్టలోంచి చొక్కా చెయ్యి ఒకటి కత్తిరించి చూపించింది. మూడోరోజు ఆ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. “మేడమ్, మీరు ప్రశ్నకు జవాబు చెప్పలేదు. మళ్లీ రికార్డ్ చేసి పంపుతారా?” “పంపనమ్మా. మీరే ఎదురుగా కూర్చుని అడగండి, ఎన్నయినా చెబుతాను.” కూతురు తల పట్టుకుంది. అవతల ఆ వీడియోలోని కత్తెర చప్పుడు మళ్లీ వినిపించింది. “రేపు పదింటికి రండి. కత్తెర మేమే ఇస్తాం,” అంది ఆ అమ్మాయి. “అక్కర్లేదు, నాది నేను తెచ్చుకుంటాను,” అంది మాస్టరమ్మ.