పులిసిన అంబలికి లైసెన్సు

లైసెన్సు కాగితం మీద నాకు గౌరవం లేదు. పాతికేళ్ళు ఆ కాగితాలకే ముద్రలు కొట్టి జీతం తీసుకున్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. "అది లేకపోతే జనం ఏది పడితే అది తిని చస్తారు" అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. వాళ్ళందరికీ మా అమ్మ కుండ సంగతి చెప్పాను. వింటే విన్నారు, లేకపోతే వాళ్ళ ఖర్మ.

మా అయ్య ఖరగ్‌పూర్ రైలు వర్క్‌షాపు ఫౌండ్రీలో మోల్డరు, కరిగిన ఇనుము పోసే ఇసుక అచ్చులు చేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్ళం. యాభైల చివర, నాకు పదహారేళ్ళప్పుడు, ఆ ఇసుకా పొగా తిని ఆయన ఛాతీ చెడిపోయింది. సిక్ లీవులో పడ్డాడు. కొన్నాళ్ళకి జీతం ఆగిపోయింది. మాకు మిగిలినవి రైలు క్వార్టరూ, అమ్మ చేతులూ.

అమ్మ సాయంత్రం చోడిపిండి, అంటే రాగిపిండి, నూకా కలిపి అంబలి కాచి కుండలో పోసేది. మర్నాటికి అది పులిసేది. ఉప్పూ నీళ్ళూ కలిపి, పన్నెండింటి సైరన్‌కి ముందే వర్క్‌షాపు గేటు బయట గోడనీడన కూర్చునేది. కొలిమి దగ్గర నుంచి వచ్చిన మనిషికి మే నెలలో టీ గొంతు దిగదు. అంబలి దిగుతుంది, పక్కన ఉల్లిపాయ ముక్క ఉంటే ఇంకో ముంత కూడా దిగుతుంది. రైలు పాసు మీద ఊరెళ్ళిన ప్రతివాడూ అమ్మ కోసం చోళ్ళ మూట తెచ్చేవాడు.

ఆ గోడకి మావాళ్ళు మేకులు కొట్టుకున్నారు. ఎవరి మేకు వాళ్ళది, దానికి ఎవరి ముంత వాళ్ళది. అంబలి నచ్చనివాడు నోరు విప్పక్కర్లేదు, ముంత తీసుకుని ఇంటికి పోతాడు. అమ్మ రోజూ వెళ్ళగానే మేకులకేసి చూసుకునేది. ఒకరోజు కుండలో బల్లి పడింది. కుండెడు అంబలీ కాలవలో పారబోసి, ఉత్తచేతులతో గేటు దగ్గరికి వెళ్ళి, ఎందుకు తేలేదో అందరికీ చెప్పి వచ్చింది. చెప్పమని ఏ ఆఫీసరూ అడగలేదు. మర్నాడు ఒక్క మేకు కూడా ఖాళీ కాలేదు. తనిఖీ అంటే నాకు తెలిసింది అది.

అలాంటి గోడ దగ్గరికి ఒక మధ్యాహ్నం రైల్వే శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బెంగాలీ పెద్దమనిషి. గొడుగు మొనతో కుండ మూత ఎత్తి, ముక్కు మూసుకుని, "ఎటా కీ? హాఁడియా?" అన్నాడు, ఇదేంటని. హాఁడియా అంటే ఆ చుట్టుపక్కల సంతాల్ తెగవాళ్ళు అన్నం పులియబెట్టి చేసే కల్లు. అదీ కుండలోనే ఉంటుంది, అదీ పుల్లటి వాసనే వేస్తుంది.

నేను బెంగాలీ బడిలో చదివినదాన్ని కనక, ఆయన మాట అమ్మకీ అమ్మ మాట ఆయనకీ అందించేది నేనే. పులియబెట్టావా అని అడుగుతున్నాడని చెప్పాను.

"పులవకపోతే అది అంబలేటే? బాగా పులిసిందని సెప్పు," అంది అమ్మ గర్వంగా.

ఆ గర్వమే కొంప ముంచింది. లైసెన్సు లేకుండా సారా అమ్ముతోందని ఆయన పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. రుచి చూడమంటే రెండడుగులు వెనక్కి వేశాడు. అమ్మ రెండు ముంతలు నింపుకుని ఆయన కళ్ళముందే గటగటా తాగింది. కొంగు నడుముకి బిగించింది, కుండ నెత్తికెత్తుకుంది, ఎదురుగా సైడింగులో ఉన్న రైలు పట్టా మీదికి ఎక్కింది. ఒంటి పట్టా, ఎండకి కాలుతోంది, కాళ్ళకి చెప్పులు లేవు. చేతులు రెండూ వదిలేసి సిగ్నలు స్తంభం దాకా నడిచి, తిరిగి వచ్చింది. చుక్క ఒలకలేదు. అప్పుడే సైరన్ కూసి, బయటికొచ్చిన ఫౌండ్రీ వాళ్ళంతా అది చూసి ఈలలు వేశారు.

"తాగినోలు ఇలగ నడుత్తారేటి బాబూ? మీరొకపాలి నడిసి సూపండి," అంది.

ఈ మాట నేను ఒక్క అక్షరం తగ్గించకుండా బెంగాలీలో చెప్పాను. నా జీవితంలో అంత సంతోషంగా ఇంకేదీ అనువదించలేదు.

"ఠీక్ ఆఛే, సారా కాదు," అన్నాడాయన, ముఖం ఎర్రబడి. "తిండి. తిండికైనా లైసెన్సు ఉండాలి."

గేటు పక్కన టీ కొట్టువాడు తన లైసెన్సుకి అద్దం కట్టించి, రోజూ అగరొత్తి వెలిగించేవాడు. ఎండలు ముదిరాక వాడి బెంచీలు ఖాళీ. ఫిర్యాదు ఎవరిదో తెలుసుకోవడానికి మాకు సోదెమ్మ అక్కర్లేకపోయింది. లైసెన్సు ఎవరి కోసమని నన్నడిగితే, అప్పటికే లైసెన్సు ఉన్నవాడి కోసమంటాను.

వారం తిరక్కుండా అయ్య పేర నోటీసు వచ్చింది. లైసెన్సు లేని వ్యాపారం మానకపోతే క్వార్టరు ఖాళీ చేయాలట. అయ్య మంచం మీద నుంచే అన్నాడు, "ఒగ్గీయే. కోటరు పోతే యాడికెల్తాం?"

"కుండ ఒగ్గేత్తే ఏటి తింటాం?" అంది అమ్మ.

నాకు మాత్రం కాగితం మీద నమ్మకం. చదువుకున్నదాన్ని కదా! ఫారం తెచ్చి నేనే నింపాను. అందులో టీ ఉంది, మిఠాయి ఉంది, భోజనం ఉంది, అంబలి లేదు. గేటు లోపలి రైలు ఆఫీసువాళ్ళు, తిండి లైసెన్సు గేటు బయటి మునిసిపాలిటీ ఆఫీసు ఇవ్వాలన్నారు. బయటివాళ్ళు, ఆ గోడ రైలు నేల మీద ఉంది కాబట్టి లోపలివాళ్ళే ఇవ్వాలన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు పూజారులు ఇద్దరు, దేవుడి జాడే లేదు. దరఖాస్తు తేలేదాకా నోటీసు సంగతి ఎవరూ ఎత్తలేదు, అమ్మ పట్టు విడవక గేటు దగ్గర కూర్చుంటూనే ఉంది, నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మళ్ళీ ఎండలు వచ్చే వేళకి, లోపలి ఆఫీసు లైసెన్సు ఇచ్చింది.

పరుగున ఇంటికి తెచ్చి అమ్మకి చదివి వినిపించాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివర ఒక షరతు ఉంది. ముందురోజు వండినదేదీ అమ్మరాదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అయినా నేను ఇంకా కాగితం పక్షమే.

"పొద్దున్నే కాసి అమ్ముదామే అమ్మా. పులవకపోతే ఏటైపోద్ది?"

"మేకులు కాలీ అయిపోతాయి," అంది. ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "ఎవులిచ్చినారో ఆలకే ఇచ్చీసి రా."

మర్నాడు పులిసిన అంబలితోనే గేటు దగ్గర కూర్చుంది. ఇన్‌స్పెక్టరు కర్ర పట్టుకున్న వాచ్‌మన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"దాదాని అడగవే. రేత్రి అన్నంలో నీల్లు పోసి పొద్దుట తినరేటి ఆలింట్లో? ఆ పంతా భాత్‌కి లైసెన్సు ఏ ఆఫీసులో ఇత్తారో సెప్పమను, మనవూ అక్కడికే ఎల్దాం," అంది అమ్మ నాతో.

అడిగాను. అది ఇల్లు, ఇది వ్యాపారం అన్నాడు. అంటే వాళ్ళమ్మ చేతిలో పులిస్తే చలవ, మా అమ్మ చేతిలో పులిస్తే రోగం! నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం మీద నమ్మకం ఆ క్షణాన పోయింది, మళ్ళీ రాలేదు. వాచ్‌మన్ కర్రతో కుండ పగలగొట్టాడు. మావాళ్ళు ముంతలు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. అందరివీ రైలు ఉద్యోగాలే, అందరివీ రైలు క్వార్టర్లే.

అమ్మ పక్కనే ఇందా అనే పేటకి వెళ్ళి కుమ్మరి దగ్గర కొత్త కుండ తెచ్చింది. మర్నాడు అదీ పగిలింది. ఇంకో కుండ తెచ్చింది.

మూడోరోజు వాచ్‌మన్ కర్ర ఎత్తబోతుండగా దగ్గు వినిపించింది. అయ్య. నెలల తరబడి గుమ్మం దాటని మనిషి. ఒక చేతిలో మా ఇంటి ముంత, ఇంకో చేతిలో సుత్తీ మేకూ. ఎవరినీ పలకరించకుండా గోడ దగ్గరికి వెళ్ళి మేకు కొట్టడం మొదలుపెట్టాడు. ఊపిరందక మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఎవరూ సాయం వెళ్ళలేదు, వెళ్ళకూడదని అందరికీ తెలిసింది. మేకు దిగాక ముంత తగిలించి, మళ్ళీ తనే తీసి, ఇన్‌స్పెక్టరుకీ కుండకీ మధ్య నిలబడ్డాడు.

"కోటరు నా పేరునున్నాది బాబూ. రాసుకోండి. ముందు నన్ను తాగనియ్యండి."

అమ్మ పోసింది. ఆయన ముంతెడూ తాగాడు. వెనక ఒక్కో ముంతా మేకు మీద నుంచి దిగింది. కర్ర ఒకటి, ముంతలు గోడ నిండా. వాచ్‌మన్ కర్ర దించాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఏదో రాసుకుని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. రెండో నోటీసు రాలేదు. ఎందుకు రాలేదో మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగనూ లేదు. ఆ వర్షాకాలం అయ్య తేలిక పనిలో మళ్ళీ చేరాడు. అమ్మ మాత్రం చేతులు సాగినన్నాళ్ళూ ఆ గోడ దగ్గరే కూర్చుంది.

విధి చూడండి, నాకు ఉద్యోగం గేటు బయటి ఆఫీసులో లైసెన్సు గుమాస్తాగా దొరికింది. డెబ్బైల్లో ఒక ఎండాకాలం, ఒడియా ఆవిడ ఒకామె నా బల్ల ముందు నిలబడింది. రిక్షావాళ్ళకి పఖాళ అమ్ముతుందట. అదీ రాత్రి నీళ్ళు పోసిన అన్నమే. ఫారంలో అదే ప్రశ్న అచ్చయి ఉంది. ముందురోజు వండినది అమ్ముతారా?

"లేదు" అని రాశాను.

ఆవిడకి అక్షరాలు రావు కానీ, నేను పైకి చదువుతూ రాశాను కనక వింది. కంగారుగా, "దీదీ, అది నిన్నటిదే," అంది.

"తెలుసు. బాగా పులుస్తుందా?"

"పులవకపోతే ఎవరు తింటారు దీదీ?"

ముద్ర కొట్టి ఆవిడ చేతికిచ్చాను.