నందమ్మ ఉన్నిపువ్వు

ఖిమూలికి డెబ్భై నిండినా కొండెక్కడంలో మేకపిల్లే. నలభై గొర్రెలు, ఒక కుక్క, ఎడతెగని వాగుడు, ఆమె ఆస్తంతా అదే. హిమాలయాల్లోని జోహార్ లోయకు ఎగువన, చెట్లు కూడా ఇక మావల్ల కాదని ఆగిపోయిన చోట ఒక పచ్చిక వాలుంది. ఏటా ఆ గొర్రెలు మేసేది అక్కడే. మిగతా వాలులన్నీ వేరే మందలవి.

ఆ శ్రావణంలో కొండపూల లెక్క తీసే కొలువు మీద మంజరి అనే పిల్ల వచ్చింది.

"అవ్వా, ఒళ్లంతా తెల్లటి ఉన్ని కప్పుకున్న పువ్వు కోసం వెతుకుతున్నా. మన చామంతికి చుట్టం. ముప్ఫై ఏళ్లుగా ఈ పక్క ఎవరికీ కనబడలేదట. దొరికితే వాలుకు కంచె వేస్తారు, మందల్ని రానివ్వరు," అంది దాచకుండా.

ఆ పువ్వు ఎక్కడుందో ఖిమూలికి తెలుసు. తన గొర్రెలు మేసే వాలులోనే.

"అలాంటిది ఇక్కడెక్కడిదే తల్లీ! నీ పుస్తకంలోనే పూయించుకో," అని నవ్వేసింది.

మంద వెనకాల ఇద్దరూ వాలెక్కుతుంటే మబ్బు పాకి వచ్చింది. తాము నడుస్తున్నారో, కొండే కాళ్ల కింద మెల్లగా జరుగుతోందో తెలియడం లేదు. మెడగంటలు నీళ్ల అడుగు నుంచి మోగుతున్నట్టున్నాయి. రాళ్ల సందున తెల్లగా ఏదో మెరిసింది.

"అదేమిటవ్వా?"

"గొర్రె బొచ్చు. రాళ్లకు రాసుకుని పోతాయి, సిగ్గులేని ముండలు."

మంజరి నమ్మేసింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే, అవ్వ జోళ్లు చేత పట్టుకుని తడి రాళ్ల మీద వట్టికాళ్లతో వస్తోంది. ఆ ఉన్నిపువ్వు వాళ్ల కొండదేవత నందాదేవిది; దాని దగ్గర ఆ ఊరివాళ్లెవరూ జోళ్లతో నడవరు. నోరు అబద్ధమాడినా, అరవై ఏళ్ల అలవాటు ఆమెను అడక్కుండానే జోళ్లు విప్పించేసింది.

"గొర్రె బొచ్చుకు కూడా జోళ్లు విప్పుతారా అవ్వా?"

ఖిమూలి తన పాదాలకేసి చూసుకుని సిగ్గుతో చితికిపోయింది. "ఈ కాళ్లున్నాయే, నా తిండి తిని నీ తరఫున మాట్లాడుతున్నాయి."

మంజరి నవ్వలేదు. పుస్తకం మూసేసింది. "నేనేమీ చూడలేదులే. పద పోదాం."

"నందమ్మ ముందు నిన్ను కూడా అబద్ధమాడించమంటావా? చాల్లే, రా."

ముసలమ్మ చతికిలబడి, పిల్ల చిటికెనవేలు పట్టుకుని ఉన్నిలోకి పోనిచ్చింది. లోపల వెచ్చగా ఉంది. ఊదారంగు పూల మధ్య ఒక తుమ్మెద వానకు తలదాచుకుని నిద్రపోతోంది. అది లేవకుండా మంజరి వేలు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"రాసుకో," అంది ఖిమూలి.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకముందే, మందను కిందికి మళ్లించింది. గొర్రెలు మాత్రం ఎప్పటిలాగే పై వాలుకే తిరిగాయి. వాటికి అడ్డంగా కర్ర చాచి నిలబడి, ఖిమూలి భోరున ఏడ్చింది.

"అటు కాదే... ఇక అటు కాదు."